నడివయసు స్త్రీ – వ్యాయామము



భారతీయ స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాయమున ముట్లుడుగును. అంతకు ముందు కొన్ని ఏండ్లు నెలసరి క్రమము తప్పుట, ఒడలెల్ల సెగలు గ్రమ్ముట, నిద్ర చెడుట, ఊరక విసుగు కలుగుట సామాన్యము. ఇది రోగము కాదు. ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గుల ఫలితము. అది తగ్గినకొలది ఎముకల గట్టితనము, కండల బలము క్షీణించును.

"రోజెల్ల చేయు ఇంటిచాకిరి చాలదా?" అని ఇల్లాండ్రు అందురు. చాకిరి అలయించును గాని, కండలకు, ఎముకలకు కావలసినంత పని యీయదు. వారమునకు కనీసము 150 నిమిషముల చురుకైన నడక, రెండు దినములు కండలకు బలమిచ్చు కసరత్తు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నడకకు జంషెడ్‌పూరులో 1958లో తెరచిన జూబిలీ పార్కు ఉన్నది. వేసవిలో ఎండ ముదరకముందే నడువవలెను. ఇంటిలో చేతులూనక కుర్చీనుండి పదిమార్లు లేచుట, గోడకు చేతులాన్చి తోయుట, నీటిసీసాల నెత్తుటతో మొదలిడవచ్చును. నిద్ర పట్టని మరునాడు కసరత్తు తగ్గించవలెనే గాని మానరాదు. సాయంకాలపు కాఫీ విడుచుట, రాగిజావ, పెరుగు, పప్పు తినుట మేలు. రక్తస్రావము మితిమీరినను, ఏడాది ఆగి మరల కనబడినను వెంటనే వైద్యుని చూడవలెను.

అయితే ఆఫీసుకు, షిఫ్టుకు, బడికి క్యారేజీలు కట్టు ఇల్లాలికి ఉదయపు తీరిక ఎక్కడిది? ఆ అరగంట ఇంటివారు ఈయవలసినది. ఉదయపు కాఫీ తామే కాచుకొనుట పురుషులకు అంత కష్టమైన విద్య కాదు.