ధూమపాన విసర్జనము – మనోధైర్యము



హైదరాబాదులోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులు నిత్యము వచ్చుచుందురు. అచటికి చేరువనున్న ఆజామాబాదులోనే చార్మినార్ సిగరెట్లు లెక్కకు మిక్కిలిగా తయారైనవి. 2008 అక్టోబరు 2 నుండి అమలైన నియమములు బహిరంగ స్థలములందు ధూమపానమును నిషేధించుచున్నవి. కావున 30 ఏండ్లుగా సిగరెట్టు విడువలేని పాఠకుడును పఠనమందిరములో 2 గంటలు పొగ లేకయే పత్రిక చదువును. ‘మానుట నావల్ల కాదు’ అనువాడు ఆ 2 గంటలను గణింపడు. మానగల శక్తి అతనియందే కలదనుటకు అవియే సాక్ష్యము.

మానిన తొలి 3 దినములు కష్టము హెచ్చు. చిరాకు, నిద్రలేమి కలుగును. ఇవి నికోటిను అలవాటు వదలుచున్న గుర్తులు; కొలది వారములలో తగ్గును. కోరిక పుట్టినపుడు కొన్ని నిమిషములు ఓర్చుకొన్నచో అణగిపోవును. ఆలోగా మంచినీరు త్రాగి నాలుగడుగులు నడచుట మేలు.

పోయినదానిని గాక వచ్చినదానిని లెక్కింపవలెను. ఒక దినములోనే రక్తమునందలి కార్బన్ మోనాక్సైడు తగ్గును. ఏడాదికి గుండెజబ్బు ముప్పు, పొగత్రాగువారితో పోల్చిన, సుమారు సగమగును. 60వ యేట మానినవారికిని సుమారు 3 ఏండ్ల ఆయువు దక్కునని ఆంగ్ల వైద్యుడు రిచర్డ్ డాల్ బృందము 2004లో తెలిపినది.

నడుమ ఒకటి కాల్చినను సర్వము చెడెనని నిస్పృహ చెందరాదు. ఆ క్షణముననే మరల మానవలెను. ఇంటివారు ఎత్తిపొడువక వెన్నుతట్టవలెను. 1800-11-2356 అను ఉచిత ఫోను ద్వారా ప్రభుత్వ సలహాయు లభించును. చుట్టయైనను, బీడీయైనను మానదలచిన గ్రామస్థులకు సాయంకాలపు గ్రంథాలయము మంచి ఆశ్రయము.