చక్రముల ఇంటికి అంచుపట్టీ

గోదావరి మండలమువారికి కదలు ఇల్లు కొత్తది కాదు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ప్రారంభించెను. 1852 నాటికి అది పూర్తియైన పిమ్మట, పొలములకు నీరు తెచ్చిన కాలువలే మనుష్యులకు బాటలు కూడ అయినవి. గూడు కట్టిన పడవలలో కుటుంబములు లాకులు దాటుకొనుచు, అందులోనే తిని, నిద్రించి, తెల్లవారుసరికి వేరొక ఊరు చేరెడివి. కాలువ లేనిచోట గూడుబండి ఉండెను. అంతర్వేది తీర్థమునకు, కోటిపల్లి శివరాత్రికి వెదురు గూటిపై చాప కప్పి, అడుగున గడ్డి పరచి, పిల్లలను నడుమ కూర్చుండబెట్టుకొని మన పెద్దలు ప్రయాణము కట్టెడివారు.

ఆ పడవలును, ఆ బండ్లును ఇప్పుడు మిక్కిలి అరుదు. వాని స్థానమున, మోటారు వెనుక తగిలించి లాగుకొనిపోవు చిన్న చక్రముల ఇల్లు వచ్చినది. దీనినే ట్రైలరు అందురు. ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడొకడు 1885లో వినోదయాత్రల కొరకు గుఱ్ఱములు లాగు కొయ్య ఇల్లు కట్టించుకొని, దానికి వాండరర్ అని పేరు పెట్టెను. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ అను సంస్థ 1936లో అల్యూమినియము రేకులను రివిట్లతో కూర్చిన ట్రైలరును బయటికి తెచ్చినది. మన ప్రాంతమున ఈ కట్టుబడి విహారయాత్రలకంటె జీవనోపాధికే ఎక్కువగా అక్కరకు వచ్చుచున్నది. రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము వంటి పట్టణములలో చక్రముల మీది టిఫిను కొట్టు చూడనివారుండరు. యాత్రల బండియైనను, టిఫిను బండియైనను, లోన కొయ్య చట్రము, దానిపై ప్లైవుడ్డు, ఆపైన అల్యూమినియపు రేకు, ఇదియే తరచుగా కానవచ్చు కట్టుబడి. కనుక ఇప్పుడు చెప్పబోవునది రెంటికిని వర్తించును.

గోడ రేకు, కప్పు రేకు కలియు మూలను చూడుడు. అచ్చట ఈ కొసనుండి ఆ కొసవరకు సన్నని లోహపు పట్టీ యొకటి ఉండును. వడ్రంగులు దానిని బీడింగు అందురు. కిటికీల చుట్టును, తలుపు పైనను ఇటువంటివే ఉండును. చూచువారు దానిని అలంకారమనుకొందురు. అది అలంకారము కాదు, కావలి. రెండు రేకుల నడుమ సందు ఉన్నది. ఆ సందుమీద మెత్తని జిగురు బంధము పరచి, దానిని గట్టిగా అదిమి పట్టుటకే ఈ పట్టీని స్క్రూలతో బిగింతురు. పట్టీ వదులైన యెడల అదుము పోవును. అదుము పోయిన యెడల సందు నోరు తెరచును.

పట్టీ వదులగుటకు కారణములు నాలుగు. మొదటిది ఎండ. 3 మీటర్ల పొడవుగల అల్యూమినియపు పట్టీ తెల్లవారుజామున 25 డిగ్రీల వేడిమిలో ఉండి, మిట్టమధ్యాహ్నము 65 డిగ్రీలకు కాగినచో, సుమారు 3 మిల్లీమీటర్లు సాగును. కిందనున్న కొయ్య ఆ పాటి సాగదు. ప్రతిదినమును ఈ సాగుటయు ముడుచుకొనుటయు జరుగుచుండగా స్క్రూలు కొంచెము కొంచెముగా కదలును. రెండవది బాట కుదుపు. మూడవది ఉప్పుగాలి. అల్యూమినియములో ఇనుప స్క్రూ దిగి, దానికి ఉప్పు తేమ తోడైనచో, ఆ రెండు లోహముల నడుమ సన్నని విద్యుత్ప్రవాహము పుట్టి లోహమును తినివేయును. అంతర్వేది, నరసాపురము, ఉప్పాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో బండి నిలుపువారు దీనిని మరువరాదు. నాలుగవది లోపలి కొయ్య కుళ్లుట. అన్నిటిలోను ఇదియే చెడ్డది. ఏలయన, స్క్రూ పట్టుకొనవలసినది కొయ్యను. కొయ్యయే మెత్తబడిన తరువాత దానికి పట్టు ఎక్కడిది?

ఇచ్చట మన అలవాటొకటి మనలను పొరపాటు త్రోవ పట్టించును. ఎండకు చెక్క ఎండి, బండిచక్రపు ఇనుప పట్టా వదులైనప్పుడు, రైతు ఆ చక్రమును చెరువులో నానవేయును. కొయ్య ఉబ్బి పట్టా బిగియును. పడవ పలకల సందులును నీట నానిన కొలది బిగియును. బండికిని, పడవకును నీరు చుట్టము. చక్రముల ఇంటికి మాత్రము నీరు శత్రువు. దాని ప్లైవుడ్డు నానినచో పొరలు విడిపోవును, చట్రము కుళ్లును. తేమ నూటికి 20 పాళ్లకు లోబడియున్న కొయ్యలో కుళ్లు పుట్టించు బూజు పెరుగజాలదు. అంతకు మించి తడి నిలిచినచో దానిని ఆపుట కష్టము.

మేమెరిగిన టిఫిను బండి యొకదానికి ఒక వర్షాకాలమున వెనుకవైపు పట్టీ లేచినది. బండివారు సుత్తితో నాలుగు మేకులు కొట్టిరి. పట్టీ కూర్చున్నది. మరుసటి నెలలో మరల లేచినది. ఈమారు పొడవైన మేకులు కొట్టి, పైన జిగురు పూసిరి. చూపునకు గోడ చక్కగానే ఉండెను. సంక్రాంతి వెళ్లిన పిమ్మట లోపలి అలమార ఒరిగినప్పుడు రేకు విప్పి చూడగా, మూల కొయ్య చేతితో నలిపినచో పొడియగుచుండెను. దీపమునకు పోవు తీగ ఆ తడి చెక్కను ఆనుకొనియే ఉన్నది. దాదాపు నెల దినములు బండి కదలలేదు. కుటుంబమునకు మరి వేరు ఆదాయము లేదు. పైనుండి కొట్టిన ప్రతి మేకును నీటికి కొత్త దారి యైనది. పైన పూసిన జిగురు, లోన చేరిన నీటిని బయటికి పోనీయలేదు.

కావున ఈ ప్రసంగమున మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది: లేచిన పట్టీని కొట్టి మూయరాదు, విప్పి చూడవలెను.

విప్పకముందే కొన్ని గుర్తులు కనబడును. స్క్రూ తలకింద నల్లని చార దిగును. లోపల ముక్కవాసన వచ్చును. గోడను బొటనవ్రేలితో నొక్కినచో మెత్తగా లోనికి పోవును. స్క్రూను ఎంత త్రిప్పినను బిగియక తిరుగుచునే యుండును. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆలస్యము చేయరాదు.

ఈ పనికి ఫాల్గుణ చైత్రములు మంచి కాలము. గాలి పొడిగా ఉండును, కొయ్య త్వరగా ఆరును. మృగశిర కార్తె వచ్చి వానలు మొదలగునప్పటికి పని ముగిసియుండవలెను. లోహము చేతికి చుఱుక్కుమనునంత ఎండలో కాక, ఉదయముననో, నీడపట్టుననో పని చేయుట మేలు.

మొదట చక్రములకు అడ్డుకట్టెలు పెట్టవలెను. విద్యుత్తు తీగను ఊడదీయవలెను. గ్యాసు సిలిండరు ఉన్నచో దానిని మూసి, విప్పి దూరముగా ఉంచవలెను. తరువాత నిచ్చెన వేయవలెను. కొన్ని పట్టీలకు నడుమ గాడిలో రబ్బరు వంటి తాడు స్క్రూ తలలను కప్పియుండును. దానిని ఒక కొసనుండి మెల్లగా లాగివేసినచో స్క్రూలు కనబడును. వానిని వరుసగా విప్పి, కొబ్బరి చిప్పలోనో డబ్బాలోనో వేసి, పట్టీ ఏ వైపుదో సుద్దతో గుర్తు వ్రాసికొనవలెను. పొడవైన పట్టీని ఒక్కరే దింపరాదు. నడుమ వంగినచో అది మరల తిన్నన కాదు. ఇరువురు చెరియొక కొస పట్టుకొనవలెను.

ఎండి బిరుసెక్కిన పాత జిగురును ఉక్కు కత్తితో గీయరాదు, రేకు చిరుగును. వెదురు బద్దను ఉలివలె చెక్కి దానితో గీసినచో రేకునకు గాయము తగులదు. పిదప గుడ్డను స్పిరిటులో తడిపి తుడువవలెను. పాత సిలికాను జిడ్డు ఏ కొంచెము మిగిలినను, కొత్త బంధము దానిమీద అంటదు. ఇచ్చట తొందరపడినవారి పని మొదటి వానకే బయటపడును.

ఇప్పుడు కొయ్యను పరీక్షింపవలెను. సూదిమొన గల పనిముట్టుతో అడుగడుగునకు గ్రుచ్చి చూడుడు. మొన ఆగినచో కొయ్య బాగున్నది. గట్టిగానే ఉండి తడిగా ఉన్నచో గాలికి విడిచి, పూర్తిగా ఆరువరకు వేచియుండవలెను. రెండు దినములు పట్టవచ్చును, వారము పట్టవచ్చును. మంచుకును, వానకును టార్పాలిను కప్పి, పగలు తీయుచుండవలెను. మొన సులువుగా దిగినచో ఆ భాగమును మంచి కొయ్య తగులువరకు కోసివేసి, ఆరిన టేకు ముక్కను నీటికి చెడని జిగురుతో అతుకవలెను. ఇది వడ్రంగి చేయదగిన పని. చేతనైనంత వరకు మనము చేసి, ఇచ్చట అతనిని పిలుచుట లాభమే.

కొయ్య బాగుండి, స్క్రూ బెజ్జము మాత్రమే పెద్దదైనచో, దానికి తగిన చెక్క మేకును జిగురులో ముంచి బెజ్జమున దిగగొట్టి, ఆరిన పిమ్మట సమముగా కోసి, కొత్తగా సన్నని బెజ్జము వేయవలెను. స్క్రూలు తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలువి కావలెను. ఇనుపవానికంటె ఖరీదు హెచ్చే కాని, ఈ ప్రాంతపు ఉప్పుగాలికి అవియే తట్టుకొనును.

తరువాత పట్టీ వెనుక బ్యూటైల్ టేపును పొడవునా పరచవలెను. ఇది ఎండిపోక, మెత్తగనే యుండి, పట్టీ సాగినప్పుడు తానును సాగును. పట్టీని స్వస్థానమున ఉంచి, స్క్రూలన్నిటిని ముందు సగము మాత్రమే త్రిప్పి, వరుస సరిచూచి, పిదప ఒక కొసనుండి క్రమముగా బిగింపవలెను. అంచున టేపు కొంచెము పొంగి కనబడినచో అదుము చాలినదని గుర్తు. ఇంకను బిగించినచో రేకు గుంటపడును. రెండు పట్టీలు కలియుచోట సాగుటకు చిన్న ఎడము విడిచి, దానిని మెత్తని సీలెంటుతో నింపవలెను. మరునాడు ఒకమారు స్క్రూలను తడవి, వదులైనవానిని మాత్రము బిగింపవలెను. పొంగిన టేపును వెదురు బద్దతో కోసివేసి, రబ్బరు తాడును గాడిలో మరల కూర్పవలెను. పాత తాడు ఎండకు కుంచించుకొని చాలకున్నచో కొత్తది వేయుటయే మంచిది.

ఒక్క విషయము మన పెంకుటిండ్లను చూచి నేర్చుకొనదగినది. పెంకులు నేయువాడు పై పెంకు కొసను కింది పెంకుపైకి వచ్చునట్లు ఉంచును. నీటిని ఎదిరింపడు, దారి చూపి పంపివేయును. అట్లే అడ్డముగానుండు పట్టీకి పై అంచున సీలెంటు పూయవలెను. కింది అంచును విడిచిపెట్టవలెను. ఎంత జాగ్రత్త చేసినను ఎప్పుడో ఒక చుక్క లోనికి పోవచ్చును. అది తిరిగి బయటికి వచ్చుటకు దారి ఉండవలెను గదా!

పని ముగిసి ఒక దినము గడచిన పిమ్మట పరీక్ష చేయవలెను. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చుండవలెను. మరియొకరు గొట్టముతో నీటిని ముందు కిందివైపున, తరువాత మెల్లగా పైపైకి పారింపవలెను. కిందినుండి పైకి పోవుటలో ఉపయోగమేమనగా, లోపల చెమ్మ కనబడినప్పుడు తప్పు ఏ ఎత్తున ఉన్నదో తెలియును. పైనుండి మొదలుపెట్టినచో నీరు అన్నిచోట్లను పారి, దారి తెలియదు.

గాలివానను గురించియు ఒక మాట. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను ధ్వంసము చేసిన తుపానును చూచినవారికి గాలిబలమెట్టిదో చెప్పనక్కరలేదు. గాలి గట్టి గోడను వెంటనే పడద్రోయలేకపోవచ్చును. లేచిన అంచు దొరికినచో మాత్రము దానిని పట్టుకొని రేకును చీల్చును. అట్లు ఎగిరిన రేకు తన బండికే కాక, త్రోవన పోవువారికిని ప్రమాదకరము.

కనుక సంవత్సరమునకు రెండుమారులు, వానలకు ముందు ఒకమారు, తుపానులు వెళ్లిన తరువాత మార్గశిరమున ఒకమారు, బండి చుట్టును తిరిగి ప్రతి పట్టీని వ్రేలితో తట్టి చూడుడు. గట్టిగా కూర్చున్న పట్టీ బిగువుగా పలుకును, లేచినది గలగలలాడును. ఈ పనికి పావుగంట చాలును. ఆ పావుగంట గడపుటకు తీరిక లేనివారికి తరువాత నెలదినముల తీరిక తప్పనిసరిగా దొరకును. అట్టి తీరిక మన శ్రోతలలో ఎవరికిని కలుగకుండుగాక!