ఓడిపోయిన మర్నాడు

(ప్రసంగ పాఠం)



నిర్వాహకులు ఫోన్ చేసి, "ఉద్యోగాల గురించి, నాయకత్వం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నాయకత్వం గురించి ఉపన్యసించేంత నాయకుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఈ దేశం వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా ప్రోగ్రాములు రాస్తూ, వాటిలో తప్పులు వెతుకుతూ బతుకుతున్నవాణ్ణి. కాబట్టి తప్పుల గురించే మాట్లాడతాను. ముందు ఒక ఓటమి కథ, తర్వాత నా కథ. ఓటమి కథ బేస్‌బాల్‌ది. కంగారు పడకండి, క్రికెట్ చూసేవాళ్ళకు అర్థమయ్యేలాగే చెబుతాను.

2003లో నేను బోస్టన్ దగ్గర ఉద్యోగంలో కొత్తగా చేరాను. ముగ్గురు కుర్రాళ్ళం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆఫీసులో ఎవరిని పలకరించినా రెడ్ సాక్స్ మాటే. ఆ జట్టు 1918 తర్వాత వరల్డ్ సిరీస్ గెలవలేదు. బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ణి న్యూయార్క్ యాంకీస్‌కు అమ్ముకున్న పాపం వెంటాడుతోందని పెద్దవాళ్ళు నిజంగానే నమ్మేవారు. జాతకాలు మనకే ఉన్నాయనుకునేవాణ్ణి, అక్కడ ఆ అభిప్రాయం పోయింది.

ఆ ఏడాది అక్టోబర్ 16న, అదే యాంకీస్‌తో, వాళ్ళ ఊళ్ళోనే ఏడో ఆట. గెలిచినవాళ్ళు వరల్డ్ సిరీస్‌కు వెళతారు, ఓడినవాళ్ళు ఇంటికి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ 5-2తో ముందున్నారు. ఇంకో ఐదుగురిని అవుట్ చేస్తే చాలు. బంతి పెడ్రో మార్టినెజ్ చేతిలో ఉంది. ఆ రోజుల్లో అతనంత పిచ్చర్ లేడు. కానీ అప్పటికే నూరు బంతులు దాటాయి. నూరు దాటాక అతని బంతిలో పదును తగ్గుతుందని జట్టువాళ్ళ లెక్కల్లోనే ఉంది.

డెరెక్ జీటర్ డబుల్ కొట్టాడు. బెర్నీ విలియమ్స్ సింగిల్ కొట్టాడు. 5-3 అయింది. మేనేజర్ గ్రేడీ లిటిల్ డగౌట్ నుంచి నడిచి వచ్చాడు. క్రికెట్లో బౌలర్‌ను మార్చేది కెప్టెన్, ఇక్కడ ఆ పని మేనేజర్‌ది. వచ్చాడు, పెడ్రోతో మాట్లాడాడు, అతన్ని అక్కడే ఉంచి వెనక్కి వెళ్ళిపోయాడు. మా గదిలో ముగ్గురం ఒకేసారి లేచి నిలబడ్డాం. తర్వాత మట్సుయి డబుల్ కొట్టాడు, పొసాడా డబుల్ కొట్టాడు. 5-5. పెడ్రో 123 బంతులు వేశాక అప్పుడు తీశారు. అర్ధరాత్రి దాటాక, 11వ ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ అనే అతను మొదటి బంతినే స్టాండ్స్‌లోకి కొట్టాడు. అయిపోయింది.

మర్నాడు ఆఫీసుకు వెళితే చావింట్లోకి వెళ్ళినట్టుంది. మధ్యాహ్నానికి ఏడుపు కోపంగా మారింది. ఆ కోపానికి ఒకటే పేరు, గ్రేడీ లిటిల్. ఆ మనిషి జట్టును 2002లో 93 ఆటలు, 2003లో 95 ఆటలు గెలిపించినవాడని ఎవరికీ గుర్తు లేదు. అక్టోబర్ నెల తిరక్కముందే అతని కాంట్రాక్టు పొడిగించబోమని యాజమాన్యం చెప్పేసింది.

ఇంతవరకూ ఎవరైనా చేసే పనే. అసలు విషయం ఆ తర్వాత చలికాలంలో ఉంది.

జట్టు జనరల్ మేనేజర్ థియో ఎప్స్టీన్. ఏడాది ముందు ఆ ఉద్యోగంలో చేరేనాటికి అతనికి 28 ఏళ్ళు. ఆటగాళ్ళలో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి, ఎవరిని కొనాలి అన్నది అతని పని. మేనేజర్ పోయాడు, జనం శాంతించారు, ఇంక చాలు అనుకుని ఉంటే అతన్ని అడిగేవాడు లేడు. అయితే ఒక చిక్కు ప్రశ్న మిగిలే ఉంది. లిటిల్ ఆ రాత్రి పెడ్రోను ఎందుకు తీయలేకపోయాడు?

తీస్తే బంతి ఎవరికివ్వాలి మరి? బేస్‌బాల్‌లో ఆఖరి ఇన్నింగ్స్ కాపాడడానికి ప్రత్యేకంగా ఒక పిచ్చర్ ఉంటాడు, క్లోజర్ అంటారు. 2003 మొదట్లో రెడ్ సాక్స్ యాజమాన్యం ఒక కొత్త ప్రయోగం చేసింది. ప్రత్యేకంగా ఒకడు అక్కర్లేదు, అవసరాన్ని బట్టి ఎవరో ఒకరు వేస్తారు అన్నది ఆ పద్ధతి. అది మొదట్లోనే బెడిసికొట్టింది. మధ్యలో బ్యుంగ్-హ్యున్ కిమ్‌ను తెచ్చుకున్నారు, తీరా యాంకీస్ సిరీస్ నాటికి అతని పేరు జట్టు జాబితాలోనే లేదు. మిగతావాళ్ళు ఆ ప్లేఆఫ్స్‌లో బాగానే వేస్తున్నారు. కానీ ఏడాదంతా ఒక కుర్చీ ఖాళీగా ఉంటే, కీలకమైన రాత్రి మనసు పాత నమ్మకం వైపే పోతుంది. లిటిల్ తప్పు చేయలేదని నేననను. ఆ తప్పులో మేడ మీద కూర్చున్నవాళ్ళకూ వాటా ఉంది.

ఎప్స్టీన్ ఆ చలికాలంలో చేసిన మంచి పనులు రెండు. థాంక్స్‌గివింగ్ పండగనాడు ఇంటికి పోకుండా ఆరిజోనా వెళ్ళి, కర్ట్ షిల్లింగ్ అనే 37 ఏళ్ళ పిచ్చర్ ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. అతన్ని ఒప్పించి, నలుగురు కుర్రవాళ్ళను బదులిచ్చి, నవంబర్ 28న తెచ్చుకున్నాడు. ఇంక పెడ్రో ఒక్కడే బరువు మోయక్కర్లేదు. తర్వాత కీత్ ఫోక్ అనే క్లోజర్‌ను తీసుకున్నాడు. అంతకుముందు సీజన్‌లో ఓక్లాండ్ తరఫున 43 ఆటలు కాపాడినవాడు. ఖాళీ కుర్చీలో మనిషి వచ్చాడు. డిసెంబర్‌లో టెర్రీ ఫ్రాంకోనా కొత్త మేనేజర్‌గా వచ్చాడు. అతను వచ్చేనాటికి లిటిల్‌కు లేనివి అతనికి అమర్చుతున్నారు. ఇది గుర్తు పెట్టుకోండి.

వాళ్ళంత తెలివైనవాళ్ళు లేరని మాత్రం అనుకోకండి. అదే చలికాలంలో మానీ రామిరెజ్‌ను వదిలించుకోవాలని చూశారు. జట్టులో అంత గొప్ప బ్యాటర్ లేడు, కానీ జీతం భారీ, కాంట్రాక్టులో ఇంకా సుమారు 10 కోట్ల డాలర్లు మిగిలి ఉంది. మిగిలిన జీతం ఇస్తే చాలు, ఊరికే తీసుకుపొండి అని మిగతా జట్లన్నిటికీ చెప్పారు. ఎవరూ తీసుకోలేదు! తర్వాత మానీని టెక్సాస్‌కు పంపి, ఎలెక్స్ రోడ్రిగెజ్‌ను తెచ్చుకునే బేరం పెట్టారు. అతనిది పదేళ్ళకు 25.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. బోస్టన్ వస్తానంటే జీతం తగ్గించుకోవడానికి అతనూ సిద్ధమే. ఒకరు తగ్గించుకుంటే రేపు అందరికీ తగ్గిస్తారని ఆటగాళ్ళ యూనియన్ అడ్డుపడింది. డిసెంబర్‌లో బేరం చెడింది.

ఆ బేరం నడుస్తున్న రోజులు నాకు బాగా గుర్తు. ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి అడిలైడ్‌లో మన టెస్ట్ మ్యాచ్ మొదలయ్యేది. ఆస్ట్రేలియా 556 కొట్టింది. మనవాళ్ళు 85కి నాలుగు వికెట్లు పోగొట్టుకున్నారు. అప్పుడు వచ్చాడు మన హైదరాబాద్ లక్ష్మణ్. ద్రావిడ్‌తో కలిసి 303 పరుగుల భాగస్వామ్యం. లక్ష్మణ్ 148, ద్రావిడ్ 233. ఆ మ్యాచ్ గెలిచాం. అదే ఏడాది మొదట్లో వరల్డ్ కప్ జట్టులో చోటు లేదని లక్ష్మణ్‌ను ఇంటి దగ్గర కూర్చోబెట్టారు. మా గదిలో ఆ సాయంత్రాలు ఒక కంప్యూటర్లో స్కోరు, టీవీలో మానీ బేరం. జాబితాలు రాసేవాళ్ళకు ఎంత తెలుసో, ఎంత తెలియదో రెండు చోట్లా కనిపించింది.

ఇంకొక వింత. యాంకీస్‌ను గెలిపించిన ఆరన్ బూన్ ఉన్నాడే, 2004 జనవరిలో సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలికి గాయం చేసుకున్నాడు. యాంకీస్ అతని స్థానంలో రోడ్రిగెజ్‌నే తెచ్చుకుని, అతన్ని తీసేశారు. ఓడించిన మేనేజర్‌కూ ఉద్యోగం పోయింది, గెలిపించిన వీరుడికీ పోయింది. నాలుగు నెలల తేడా, అంతే.

ఇప్పుడు నా కథ. ఇది చెప్పడం అంత తేలిక కాదు, అందుకే బేస్‌బాల్‌ను అడ్డం పెట్టుకుని వచ్చాను.

2018లో నేను ఒక కంపెనీలో ఎనిమిది మంది టీముకు లీడ్‌ని. ఒక రాత్రి మా సిస్టమ్ ఐదు గంటలు ఆగిపోయింది. కస్టమర్లు గగ్గోలు పెట్టారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది మన కుర్రాడే. ఇంజనీరింగ్ చదివి, నాలాగే ఎం.ఎస్.కు వచ్చి, హెచ్-1 మీద ఉన్నాడు. నన్ను "అన్నా" అని పిలిచేవాడు. మొదటి అలారం మోగినప్పుడు చూశాడు, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు, ఎవరినీ లేపలేదు. రెండు వారాల తర్వాత పైవాళ్ళు ఒక ఉద్యోగం తగ్గించాలి, పేరు చెప్పమన్నారు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అతని పేరే చెప్పాను.

హెచ్-1 మీద ఉద్యోగం పోతే అరవై రోజులు. ఈ సభలో ఆ లెక్క తెలియనివాళ్ళు లేరు. పెట్టె సర్దుకుంటూ నన్ను ఒకటే అడిగాడు: "అన్నా, మీకు ముందే తెలుసా?" నేను కంపెనీ నిర్ణయం అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

మూడు నెలలకు సిస్టమ్ మళ్ళీ ఆగిపోయింది. ఈసారి డ్యూటీలో ఉన్నది నేను. అలారం మోగింది. చూశాను. అదే సర్దుకుంటుందిలే అనుకుని పడుకున్నాను.

ఎందుకంటే ఆ అలారం ఏమీ జరగకపోయినా రాత్రికి పదిసార్లు మోగేది. అందరం దానికి అలవాటుపడిపోయాం. పైగా అర్ధరాత్రి అనుమానం వస్తే ఎవరిని లేపాలో రాసిపెట్టిన కాగితం ముక్క కూడా మా దగ్గర లేదు. మర్నాడు పాత మెయిల్స్ తిరగేస్తుంటే అతను నాకు రాసినవి రెండు కనిపించాయి. ఈ అలారం ఊరికే మోగుతోంది, సరిచేద్దాం, రెండో మనిషిని పెడదాం అని. వచ్చే నెల చూద్దాం అని నేనే జవాబిచ్చాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమని మన పెద్దలంటారు. నా విషయంలో అత్తనూ నేనే.

అతనికి ఫోన్ చేశాను. అరవై రోజులు నిండడానికి వారం ముందు ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం దొరికిందట. జరిగింది చెప్పి, తప్పు నాదే, క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అలారం సరిచేశారా అన్నా?" అన్నాడు. అప్పటికింకా చేయలేదు. ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని చేశాను. రెండు గంటల పని.

రెడ్ సాక్స్ కథ మీకు తెలిసే ఉంటుంది. 2004లో మళ్ళీ యాంకీస్‌తోనే పడ్డారు. మొదటి మూడు ఆటలూ ఓడిపోయారు, మూడోది 19-8 తేడాతో. తర్వాత నాలుగూ గెలిచారు. డేవిడ్ ఆర్టిజ్ రెండు రాత్రులు వరసగా ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో గెలిపించాడు. అతను 2002 డిసెంబర్‌లో మిన్నెసోటా వద్దని వదిలేసిన మనిషి. షిల్లింగ్ కుట్లు వేసిన చీలమండతో, సాక్సు రక్తంతో తడుస్తుంటే బంతులు వేశాడు. అక్టోబర్ 27న సెయింట్ లూయిస్‌ను ఓడించి, 86 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆఖరి బంతి వేసింది ఫోక్. ఆ ప్లేఆఫ్స్‌లో 14 ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. ఇక వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడు ఎవరో తెలుసా? ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోని మానీ రామిరెజ్.

వాళ్ళకు అదృష్టం కలిసొచ్చింది, కాదనను. అదృష్టం మన చేతిలో లేదు. ఫోక్‌ను తేవడం వాళ్ళ చేతిలో ఉంది, తెచ్చారు. ఫ్రాంకోనాను ఆ ఖాళీ కుర్చీతోనే మైదానంలోకి తోసి ఉంటే, అతనూ ఇంకో లిటిల్ అయ్యేవాడేమో. నేను నా టీములో చేసింది సరిగ్గా అదే.

మనలో చాలామంది ఇప్పుడు పేర్లు చెప్పే కుర్చీల్లోకి వచ్చాం. ఆఫీసుల్లో, వ్యాపారాల్లో, మన సంఘాల్లో కూడా. కన్వెన్షన్‌లో భోజనాలు ఆలస్యమైతే ఫుడ్ కమిటీ ఛైర్మన్‌ను మార్చేస్తాం. రిజిస్ట్రేషన్ లెక్క అతనికి ఎన్ని రోజుల ముందు ఇచ్చామో అడగం. మా అమ్మాయి ఊరి సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడుతుంది. ఆట ఓడితే కారెక్కగానే, "నాన్నా, ఎవరి వల్ల ఓడామో తెలుసా?" అని మొదలుపెడుతుంది. పిల్లలకు ఇది ఎవరు నేర్పారో నాకు తెలుసు.

కొన్నిసార్లు మనిషిని మార్చక తప్పదు. మార్చండి. కానీ పేరు రాసే ముందు, ఆ రాత్రి ఆ కుర్చీలో మీరే ఉంటే మీ చేతికి ఏమేం అందేవో ఒక కాగితం మీద రాసుకోండి. అందనివి ఏమైనా ఉంటే ముందు అవి సమకూర్చండి. అప్పటికీ ఆ పేరే రాయాలనిపిస్తే రాయండి. రాసినవాళ్ళు మీరేనని ఆ మనిషికి ముఖాముఖి చెప్పండి. నేను చెప్పలేకపోయాను.

 భోజనాలు ఆలస్యమైతే, దయచేసి ఛైర్మన్‌గారిని ఏమీ అనకండి. నాకిచ్చిన ఇరవై నిమిషాలు దాటించింది నేనే.

సెలవు.