బందరు కోట పడిన రాత్రి



బొబ్బిలి యుద్ధం అనగానే మనందరికీ బుర్రకథ గుర్తొస్తుంది. ఆ తరువాత రెండేళ్లకు, 1759లో, జరిగిన బందరు కోట ముట్టడిని మాత్రం చరిత్ర పాఠంలో ఒక్క వాక్యంతో దాటేశాం. మన తీరం మీద ఫ్రెంచివారి పెత్తనం పోయి ఇంగ్లీషువారిది నిలబడింది దానితోనే.

ఐరోపాలో రాజుకున్న సప్తవర్ష సంగ్రామం అప్పటికే ఇక్కడికీ పాకింది. బుస్సీని లాలీ వెనక్కి పిలిపించుకోగా, ఆయన స్థానంలోకి కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డు చేతిలో ఓడి, చివరకు బందరు కోట చేరాడు. ఫోర్డుకు తోడుగా విజయనగరం ఆనంద గజపతి రాజు సేన ఉంది.

నిజానికి కోటలో ఉన్నవాడికి లోటేమీ లేదు. ఒకవైపు సముద్రపు పాయ, మిగతా వైపుల దిగబడిపోయే బురద, ఊరికి పోవడానికి ఒకటే కట్ట. లోపల దాదాపు 500 మంది ఐరోపావాళ్లు, 2,000కు పైగా సిపాయిలు. గోడ ఎక్కడానికి వచ్చిన ఇంగ్లీషు దళం అంతకంటే చిన్నది. పైగా సలాబత్ జంగు పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చేశాడు. ఫోర్డు దగ్గరేమో డబ్బు లేదు. తెల్ల సైనికులు ఒకసారి ఎదురుతిరిగారు కూడా. ఏప్రిల్ 7 నాటికి మందుగుండు రెండు రోజులకే మిగిలింది. కాన్‌ఫ్లాన్స్ ఇంకొన్నాళ్లు నిలబడితే చాలు.

ఆ రాత్రే ఫోర్డు దాడికి దిగాడు. నైరుతి దిక్కున, ఎవరూ రాలేరనుకున్న బురదలోంచి కెప్టెన్ నాక్స్ సిపాయిలతో వచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. కట్ట వైపు రాజుగారి మనుషులు గోల చేశారు. ఇవి రెండూ దృష్టి మళ్లించడానికే. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద, మోకాళ్లు దాటిన బురదలో నడిచి వచ్చింది. ఒక్కో బురుజు నుంచి ఒక్కో కబురు వస్తుంటే, కాన్‌ఫ్లాన్స్ తన ఇంట్లోనే ఉండి ఉత్తర్వులు పంపాడు. నన్నడిగితే, కోట ఓడింది ఆ ఇంట్లోనే. తెల్లారేసరికి బేషరతుగా లొంగిపోయాడు. పట్టుబడ్డవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ!

కొద్ది రోజులకు ఫ్రెంచి ఓడలు సాయానికి వచ్చి, కోట చేజారిందని తెలిసి వెళ్లిపోయాయి. మే నెలలో సలాబత్ జంగు బందరును, చుట్టుపక్కల సీమలను ఇంగ్లీషువారికి రాసిచ్చాడు.

ఆ దాడిలో ఇంగ్లీషు పక్షాన 22 మంది తెల్లవాళ్లు చనిపోయారు. వారి వెంట నడిచిన సిపాయిలు 50 మంది.