పతకం ఉన్నా పరీక్షకు నిలబడ్డవాడు

పాల్ లాంబర్ట్ స్కాట్లాండ్ మిడ్‌ఫీల్డర్. పెరిగింది గ్లాస్గో దగ్గరి లిన్‌వుడ్‌లో. 1987లో, పదిహేడేళ్లకే, సెయింట్ మిరెన్ జట్టుతో స్కాటిష్ కప్ గెలిచాడు. 1993లో మదర్‌వెల్‌కు మారాడు. 1996 వేసవిలో అక్కడి ఒప్పందం ముగిసింది. ఒప్పందం తీరిన ఆటగాడు ఐరోపా సమాఖ్యలోని మరో దేశపు క్లబ్బుకు బదిలీ రుసుము లేకుండా వెళ్లవచ్చని, బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం 1995 డిసెంబరులోనే తీర్పు చెప్పింది.

తీర్పు దారి చూపిందే గానీ జట్టులో చోటివ్వలేదు. జర్మన్ ఛాంపియన్ బొరూసియా డార్ట్‌మండ్ లాంబర్ట్‌ను ముందు ట్రయల్‌లోనే చూసింది. కప్పు గెలిచి తొమ్మిదేళ్లయినవాడు, ఇరవై ఏడో ఏట, కొత్తగా వచ్చిన కుర్రాడిలా ఆడి చూపించాడు. పట్టభద్రులు కాస్త ఆగవలసిన చోటు ఇదే. పట్టా చేతికి రాగానే ‘ఇక మమ్మల్ని పరీక్షించేదెవరు?’ అని కాలరెగరేసే మహానుభావులు ఏ స్నాతకోత్సవంలోనైనా ఉంటారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే వాళ్ల మొహం ముడుచుకుంటుంది. అలకపాన్పు పెళ్లికొడుక్కి వేస్తారు గానీ, ఉద్యోగానికి వచ్చినవాడికి ఎవరూ వెయ్యరు.

ట్రయల్‌లో నెగ్గి జట్టులో చేరిన లాంబర్ట్‌ను డార్ట్‌మండ్ కోచ్ ఒట్మార్ హిట్జ్‌ఫెల్డ్ డిఫెండర్ల ముందు నిలబెట్టాడు. ఎదుటివారి దాడిని మొదట్లోనే తుంచి, దొరికిన బంతిని పక్కవాడికి అందించడం అక్కడి పని. గోల్ కొట్టినవారి పట్టికలో ఆ పనికి చోటుండదు. 1997 మే 28న మ్యూనిక్‌లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగినప్పుడు ఆ జట్టు ఆటగాడు జినెదిన్ జిదాన్‌ను కాచుకునే బాధ్యత లాంబర్ట్‌దే. ఆట పొడుగునా జిదాన్‌ను అంటిపెట్టుకునే ఉన్నాడు. 29వ నిమిషంలో కుడివైపు నుంచి లాంబర్ట్ వేసిన క్రాస్‌ను కార్ల్‌హైంజ్ రీడ్లే ఛాతీతో దించుకుని గోల్ చేశాడు. డార్ట్‌మండ్ 3-1తో నెగ్గింది. 1992లో టోర్నీకి ఛాంపియన్స్ లీగ్ అన్న పేరు వచ్చాక, ఆ ట్రోఫీ గెలిచిన తొలి బ్రిటిష్ ఆటగాడు లాంబర్టే.

ఆ నవంబరులోనే స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్‌లో చేరాడు. 1998లో ప్రత్యర్థి రేంజర్స్‌కు వరుసగా పదో లీగ్ టైటిల్ దక్కకుండా సెల్టిక్ అడ్డుపడింది. 2003 యూఏఫా కప్ ఫైనల్లో లాంబర్ట్ కెప్టెన్‌గా ఆడిన సెల్టిక్, పోర్టో చేతిలో 3-2తో ఓడింది. స్కాట్లాండ్‌కు అతను ఆడినవి 40 మ్యాచ్‌లు.

కోచ్ కావాలనుకున్నప్పుడు యూరప్ పతకం చూపించి సరిపెట్టుకోలేదు. జర్మనీలో మళ్లీ విద్యార్థిగా కూర్చుని లైసెన్సు సంపాదించాడు. తర్వాత ఇంగ్లండ్ క్లబ్బు నార్విచ్ సిటీని 2010, 2011లలో రెండు మెట్లెక్కించి ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు.

పట్టాలు అందుకున్న అందరికీ అభినందనలు. రేపు ఎవరైనా ‘ఏదీ, చేసి చూపించు’ అంటే నామోషీ పడకండి, చేసి చూపించండి.