ఓడ మీది పాఠము

కీసర వద్ద మున్నేటి వంతెనపై నిలిచి, ఈ నీరెక్కడికి పోవునని అక్కడి విద్యార్థి నడిగినచో, కృష్ణలో కలసి సముద్రమునకు పోవునని తడుముకొనక చెప్పును. సముద్రమున చేరిన పిదప ఏమగును? ఉప్పనగునని మేమును సరిపుచ్చుకొన్నవారమే. ఎంత ఉప్పన? ఏ లోతున? ఏ నెలలో? ఇవి నల్లబల్ల వద్ద తేలెడి ప్రశ్నలు కావు.

1952లో అమెరికా నుండి సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చినాడు. భారత నౌకాదళపు ఓడలపై మన విద్యార్థులచే బంగాళాఖాతమున కొలతలు తీయించినాడు.

అట్టి ఓడపై ఆనాడు నేర్వవలసిన పని యెట్టిదో చూడుడు. నార్వే దేశీయుడగు నాన్సెన్ పేర వెలసిన ఇత్తడి సీసాలను ఉక్కు తీగకు ఎడమెడముగా బిగించి దింపెడివారు. తీగ వెంట చిన్న బరువు నొకదానిని జారవిడిచెడివారు. దానికి ‘దూత’ యని పేరు. మాకు మిక్కిలి నచ్చినది ఆ దూతయే. అది తగులగానే మొదటి సీసా తలక్రిందులై, ఆ లోతు నీటిని తనలో మూసికొని, క్రింది సీసాకు మరియొక దూతను పంపును. సీసాతో తిరగబడిన ఉష్ణమాపకమున పాదరసపు దారము తెగి, ఆ లోతునందలి వేడిమి అంకెగా నిలిచిపోవును. పైకి లాగి, భూతద్దముతో డిగ్రీలో నూరవ వంతు వరకు చదువవలసియుండెను. ఓడ ఊగుచుండును, కడుపులో త్రిప్పుచుండును. అంకె తప్పు వ్రాసినచో సరిచూచుటకు ఆ నీరు మరల దొరకదు.

ఆ నీటిని సిల్వర్ నైట్రేటు ద్రావణముతో పరీక్షించినచో ఉప్పు పాలు తేలును. మహాసముద్రములలో అది వెయ్యింటికి సుమారు 35 పాళ్లు. వానకాలము చివర మన తీరమున అంతకన్న తగ్గును. నదులు తెచ్చిన మంచినీరు పైపొరగా పరచుకొని, ఆ నెలలలో దక్షిణమునకు మరలెడి తీరప్రవాహముతో సాగును. వరద వచ్చిన యేట ఆ పొరలో మున్నేటి పాలు కొంత కలదు. కొంచెమే, కాని కలదు.

అంతేకాదు. మన తీరమున కావల సముద్రపు టడుగున గల లోయలను గూర్చి లాఫాండ్ 1964లో వ్యాసము ప్రకటించినాడు. వానికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యని పేర్లు.

కీసర బాలునికి ఓడ దొరకకపోవచ్చును. కృష్ణ రేవున పడవ దొరకును. ఉపాధ్యాయుని కనుసన్నలలో, రాయి కట్టిన సీసాను దించి, త్రాటితో బిరడా లాగి అడుగు నీటిని తేవచ్చును. పైనీటిని వేరుగ ముంచి, రెంటిని మరిగించి ఇగిర్చి, మిగిలినదానిని తూచవచ్చును. వచ్చిన అంకె ఎంత చిన్నదైనను, ప్రక్కన తేదీ వేసి వ్రాసికొనుడు.