కదలెడి బొమ్మలు - కానరాని అణువులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన గ్రామమునకు అక్షరముల ద్వారా లోకమును చూపుచున్నది. నేడు అక్షరమునకు తోడుగా కదలెడి బొమ్మ వచ్చినది. కంటికి కానరాని అణువులు తిరుగుటను మన పిల్లలు చేతిలోని ఫోనులోనే చూడగలుగుచున్నారు. ఆ బొమ్మలు మనకేమి నేర్పును, వానిని ఎంతవరకు నమ్మవలెను అను విషయమును ఒక్క ఉదాహరణముతో మనవి చేసెదను.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీరెరుగుదురు. వారు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి, కండరములనుండి ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసి 1929లో ప్రకటించిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనిరి. మనము నాగలి పట్టినను, బిందె యెత్తినను కండరములకు కావలసిన శక్తి ఈ అణువు ద్వారానే అందును. ఒక సమయమున మన దేహములో ఉండు ఏ.టి.పి. పావుకిలోకు మించదు, దినమునకు ఖర్చగునది సుమారు 40 కిలోలు! అనగా వాడినదానినే దేహము మరల మరల తయారుచేసికొనుచున్నది.

ఈ పని చేయు యంత్రము జీవకణములోని మైటోకాండ్రియా పొరలో కలదు. మిల్లీమీటరును లక్ష భాగములు చేసినచో ఒక భాగమెంతయో, దాని వెడల్పు ఇంచుమించు అంత. కాలువ నీరు చక్రమును త్రిప్పునట్లు, ప్రోటానుల ప్రవాహము దీని అడుగు చక్రమును త్రిప్పును. దానితో ఒక వంకర ఇరుసు తిరుగును. ఇరుసు చుట్టును కదలక నిలిచిన తలభాగములో మూడు గదులున్నవి. ఒకటి ముడిసరకును తీసికొనును. రెండవది దానిని గట్టిగా పట్టి ఏ.టి.పి.గా కూర్చును, మూడవది తయారైనదానిని విడుచును. ఇరుసు మూడవవంతు చుట్టు తిరిగినంతనే గదుల పనులు మారును. మాటలలో ఎంత చెప్పినను చిక్కుగా తోచు ఈ సంగతి, కదలెడి బొమ్మలో చూచిన బాలునకు నిమిషములో బోధపడును. అదియే ఆ బొమ్మ గొప్పతనము.

అయితే ఆ బొమ్మకు ఆధారమేమి? గదులు వంతులవారీగా పనిచేయునని అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ బోయర్ ముందుగా ఊహించిరి. ఇంగ్లండులో జాన్ వాకర్ బృందము 1994లో, ఆవు గుండెనుండి తీసిన ఈ యంత్రపు తలభాగమును ఎక్సు కిరణములతో పరిశీలించి, మూడు గదులును మూడు వేరు వేరు రూపములలో ఉన్నవని చూపెను. 1997లో జపాను శాస్త్రజ్ఞులు ఇరుసునకు ఒక వెలిగెడి సన్నని నారను తగిలించి, ఏ.టి.పి.ని అందించి యంత్రమును ఎదురుదిశలో నడిపించి, ఆ నార గిరగిర తిరుగుటను సూక్ష్మదర్శినిలో చిత్రీకరించిరి. అదే సంవత్సరము బోయర్, వాకర్‌లకు నోబెల్ బహుమానములో భాగము లభించినది.

కనుక ఇరుసు తిరుగుట కల్పన కాదు. కాని తెలిసిన రెండు భంగిమల నడుమ బొమ్మ కదలుటకు కావలసిన పటములను చిత్రకారుడు గణితము సాయముతో పూరించును. ఎరుపు, నీలము రంగులు గుర్తుపట్టుటకై వేసినవే. అంత చిన్న వస్తువునకు మనము చూచునట్టి రంగుండదు. బొమ్మలో చుట్టును శూన్యము. నిజమునకు అచట నీటి అణువులు తిరునాళ్ళ జనమువలె క్రిక్కిరిసి, యంత్రమును ఎల్లవైపులనుండి తోయుచుండును. బొమ్మలో ఇరుసు నెమ్మదిగా, నునుపుగా తిరుగును; దేహములో అది సెకనునకు నూరు చుట్లకు పైగా తిరుగగలదు. తోలుబొమ్మలాటలో బొమ్మ వెనుక ఆడించువాని చేయి ఉన్నట్లు, ఈ తెర వెనుకను ఒక చేయి ఉన్నదని మరువరాదు.

ప్రయోగశాల లేని పల్లెటూరి బడి పిల్లలకు ఈ చిత్రములు గొప్ప వరము. వానిని తప్పక చూపుదము. చూపిన వెంటనే, “ఇందులో కొలిచి తెలిసికొన్నదేది? ఊహించి పూరించినదేది?” అని వారిచేత అడిగింపుదము. ఆ ప్రశ్నకు జవాబు తెరమీద దొరకదు, గ్రంథములలో వెదకవలెను. అందుచేత బొమ్మలు వచ్చినంత మాత్రమున గ్రంథాలయము పని తీరినదని తలపకుడు. ఆ పని ఇనుమడించినది.